మా చుట్టాలు చేసిన బోణీ

మా చుట్టాలంతా ప్రేమతో, కలిసికట్టుగా నన్ను ముంచిన కథ ఇది. వాళ్లను అనడానికి లేదు. గొయ్యి తవ్విందీ, అంచున నిలబడిందీ, "కొంచెం తొయ్యండి" అని ఫోన్లు చేసి మరీ బతిమాలిందీ నేనే. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు చదవకుండానే పోయింది. ఎలాగో వినండి.

మహారాష్ట్రలో ఉన్న మా చంద్రపూర్‌కు ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన కాలం. ఫోను తీగలోంచి గీపెడుతూ, మూలుగుతూ, మధ్యలో అలసిపోయి ఆగుతూ వచ్చేది. మా బాపుకు బజారులో కిరాణా దుకాణం. అందులో కూర్చోవడం ఇష్టంలేక నేను తెలుగులో ఒక వెబ్‌సైటు పెట్టాను. చుట్టుపక్కల తెలుగువాళ్లకు రైళ్ల వేళలు, పచ్చళ్ల కొలతలు, పండుగల తిథులు. దాని మీద ప్రకటనలు పెట్టుకోవడానికి ఒక కంపెనీ ఒప్పుకుంది. చూసినవాళ్లు ప్రకటన మీద నొక్కితే నాకు డబ్బు.

"దీపావళి దాక సూస్త," అన్నాడు బాపు. "గా డబ్బా ఏమన్న సంపాదిస్తే నీ ఇష్టం. లేకుంటే సప్పుడు జెయ్యక గల్లా మీద కూసో."

కంపెనీ నిబంధనలు ఇంగ్లీషులో చాంతాడంత ఉన్నాయి. జర్రున కిందికి జారి "ఒప్పుకుంటున్నాను" దగ్గర ఆగాను. తప్పేముంది? పెళ్లిపీటల మీద మంత్రాలు అర్థమయ్యే తలూపుతామా?

ప్రకటనలు ఎక్కడ పెట్టాలో నాకు ఎవరూ నేర్పనక్కర్లేదనుకున్నాను. దుకాణంలో పుట్టినవాణ్ణి. సరుకు గుమ్మానికి వేలాడాలి, వచ్చినవాడి తలకు తగలాలి. చీపుర్లను, బిందెలను తప్పించుకుని లోపలికి రాగలిగినవాడు ఏదో ఒకటి కొనకుండా పోడు. ఆ సూత్రం ప్రకారం పేజీ నెత్తిన రెండు, నడుమున రెండు, రైళ్ల వేళల మీటకు ఆనుకుని ఒకటి తగిలించాను. నాగపూర్ బండి కోసం వచ్చినవాడు నేరుగా జీవిత బీమాలో దిగాల్సిందే.

అసలు చిక్కేమిటంటే, ఎవడూ రాలేదు. మావాళ్లు తెలుగు దంచి మాట్లాడతారు కానీ చదువంతా మరాఠీ బడిలో. తెలుగు అక్షరం చూస్తే ముగ్గు అనుకుంటారు. అప్పుడు నాకు బోణీ గుర్తొచ్చింది. మా వ్యాపారుల ఇళ్లలో ఎవరు కొత్త దుకాణం తెరిచినా, అవసరం ఉన్నా లేకున్నా చుట్టాలు వచ్చి చేతి చలువతో బోణీ చేసి వెళతారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, ఇంటివాళ్లతోనే మొదలుపెట్టాను. ముందు ఊర్జానగర్ కాలనీలో ఉండే మేనత్తకు ఫోన్ చేశాను.

"అత్తా, కంప్యూటర్ల దుకాణం పెట్టిన. పొద్దుగాల నువ్వే బోణీ జెయ్యాలె."

"నాకు తెలుగు సదువరాదు గద అల్లుడా!"

"సదువుడు వద్దు. మెరిసేదాని మీద నొక్కు, సాలు."

"ఎన్నిసార్లు?"

"నామీద నీకెంత ప్రేముంటే గన్నిసార్లు."

అత్త ప్రేమ అంత ప్రమాదకరమైనదని నాకు అప్పటిదాకా తెలియదు. రోజూ దేవుడి దగ్గర దీపం పెట్టి, అదే చేత్తో నా ప్రకటనలన్నీ నొక్కి కళ్లకద్దుకునేదట. పక్క క్వార్టర్ల ఆడవాళ్లను కూడా భజనకు పిలిచినట్టు పిలిచింది.

ఘుగ్గుస్‌లో చెప్పుల దుకాణం నడిపే మా అక్క మొగుడు ఇంకో అడుగు ముందుకేశాడు.

"బామ్మర్దీ, నీ యాడ్లు నా సైట్ల గూడ పెట్టిన!"

"నీకెట్ల వచ్చినయి బావా?"

"నీ పేజీల కెళ్లి కాపీ గొట్టిన. మనం మనం వేరా ఏంది?"

అక్కడ నొక్కినా డబ్బు నా ఖాతాకే. నా కళ్లు చెమర్చాయి. కంపెనీ అనుమతి నా ఒక్క డొమైనుకేనని నిబంధనల్లో ఎక్కడో ఉందట. ఉండనీ, నేను చదివితే కదా. బావ సైటులో ఉన్నదల్లా మూసిన షట్టర్ ఫోటో. దాని చుట్టూ తోరణం కట్టినట్టు నా ప్రకటనలు. బొగ్గు లోడు కోసం ఆగిన లారీ డ్రైవర్లను పిలిచి, చాయ్ పోసి మరీ నొక్కించేవాడు.

అంకెలు మా ఊరి ఎండలా ఎక్కాయి. గర్వంగా బాపును తెర ముందు కూర్చోబెట్టాను.

"గింత మంది వస్తుండ్రు. ఏం కొంటుండ్రు రా?"

"ఏం కొనరు బాపు. నొక్కి పోతరు."

"మరి పైసలిచ్చెటోడు పిచ్చోడా?"

పాతకాలం మనిషి, ఏం తెలుసు పాపం అని నవ్వుకున్నాను.

దీపావళి ముంగిట కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. నొక్కమని జనాన్ని అడిగారు, మీటల పక్కన ప్రకటనలు పెట్టారు, అనుమతి లేని డొమైనులో వాడారు, కాబట్టి మీ ఖాతా శాశ్వతంగా రద్దు, అందులో చేరిన డబ్బూ రద్దు. ఇదంతా మోసం కాదు, బోణీ అనే పవిత్రమైన ఆచారమని నేను వినయంగా జవాబు రాశాను. అటునుంచి మళ్లీ అదే మెయిలు వచ్చింది. యంత్రానికి చుట్టాలుంటే కదా మన బాధ తెలియడానికి!

ఆ సాయంత్రమే అత్త ఫోన్. "అల్లుడా, మెరిసేది కనవడ్తలేదు. నిన్న జరమొచ్చి నొక్కలే. గందుకే కోపమా?"

మెయిలు సంగతి విని బాపు లేచాడు. గల్లా దగ్గరి పరుపును దులిపి, పక్కకు జరిగాడు. కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. బావ మాత్రం లక్ష్మీపూజకొచ్చిన వాళ్లందరి ముందు, "మా బామ్మర్దికి ఇంటర్నెట్ సమజ్ కాలే. నా సైటు గూడ ఖరాబు జేసిండు," అని లడ్డూ నములుతూ ప్రకటించాడు. ఆ ప్రకటనకు ఏ నిబంధనా అడ్డు రాలేదు.

మరుసటేడు బావ పెద్ద షోరూం తెరిచాడు. "బామ్మర్దీ, బోణీ నువ్వే జెయ్యాలె!" అని కబురు చేశాడు. వెళ్లాను. ఘుగ్గుస్ బొగ్గుదుమ్ము పాదాలకు దట్టంగా పట్టించుకుని మరీ వెళ్లాను. కుర్చీలో కూర్చుని చూపించమన్నాను. బావ స్వయంగా కింద కూర్చుని తొడిగాడు.

"గిది?"

"మంచిగుంది."

"కట్టియ్యనా?"

"గది సూపియ్యి."

డబ్బాలు గుట్టలయ్యాయి. ప్రతి కొత్త చెప్పులోనూ నా నల్లటి పాదముద్ర పడింది. ఆఖరి జత కూడా విప్పి, నా పాత చెప్పులు వేసుకుని లేచాను.

"ఏందిరా, కొనవా?"

"కొనుడేంది బావా? అన్నిట్ల కాలు బెట్టిన గద. బోణీ అయిపాయె!"

బావ చేతిలో అప్పటికి ఒక చెప్పు ఉంది. దాని తర్వాతి ప్రయాణం గురించి ఆయనా ఆలోచించాడు, నేనూ ఆలోచించాను. నేను ముందుగా నిర్ణయానికొచ్చి వీధిలో పడ్డాను.

ఆనాడే గల్లాపెట్టె ముట్టుకుని ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో చదవకుండా దేనికీ ఒప్పుకోను, చుట్టాల ప్రేమను వేలితో కొలవను. చెప్పులంటారా? అప్పటినుంచీ పక్క ఊరు బల్లార్షాలో కొనుక్కుంటున్నాను.