డయల్ వెనక ఇత్తడి గేరు

డెబ్బైల మొదట్లో నన్ను హైదరాబాద్ పాతబస్తీలో, యాకుత్‌పురా స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న వైర్‌లెస్ మరమ్మతు విభాగానికి చార్జ్‌మన్‌గా వేశారు. చార్జ్‌మన్ అంటే మెకానిక్‌కు పైన, ఫోర్‌మన్‌కు కింద. రెండువైపుల నుంచీ తిట్లు పడే హోదా. అయినా సంతోషంగానే చేరాను. నా భార్య మేరీ సర్కారు దవాఖానాలో నర్సు. పెళ్లయిన ఇన్నాళ్లకు ఇద్దరం ఒకే ఊళ్లో ఉద్యోగం చేసుకునే యోగం పట్టింది.

కొన్నాళ్లకే మా సిగ్నల్ జనరేటర్ మూలపడింది. రేడియో సెట్లను సరిచూడటానికి కావలసిన తరంగాన్ని పుట్టించే విదేశీ పెట్టె అది, వాల్వుల కాలం నాటిది. డయల్ వెనక ఉన్న ఇత్తడి గేరు పళ్లు రాలిపోయాయి. ఆ మోడల్‌కు విడిభాగాలు ఎక్కడా దొరకవు. పనికిరాని సామాన్లను రద్దు చేసే సర్వే బోర్డు త్వరలో రాబోతోంది. పెట్టెను కండెమ్ చేస్తే విభాగం మూస్తారని, నన్ను నాగపూర్ పంపిస్తారని మా ఫోర్‌మన్ చాయ్ తాగుతూ చెప్పాడు. అంటే మళ్లీ మేరీ ఒక ఊళ్లో, నేనొక ఊళ్లో.

గేరు విప్పితే రెండు పలుచని బిళ్లలుగా ఊడి చేతికొచ్చింది. మధ్యకు చీలిపోయిందనుకున్నాను. ధూల్‌పేట్‌లో మిల్లింగ్ మిషన్ నడిపే యాదగిరికి చూపించాను. అతనూ అదే అనుకున్నాడు. "ఫికర్ జెయ్యకు సారూ, ఒక్కటే ముక్కల గట్టిగ చేసిస్త. మళ్ల ఇరగనే ఇరగదు" అన్నాడు. చక్రాన్ని సమాన భాగాలుగా తిప్పి పట్టే డివైడింగ్ హెడ్‌కు బిగించి ఒక్కో పన్నూ కోశాడు. అబ్బ, ఏం గేరు! కొత్త నగలా మెరిసింది.

తీరా పెట్టెలో బిగిస్తే డయల్ అబద్ధాలాడటం మొదలుపెట్టింది. ముల్లును కుడి నుంచి తెచ్చి ఒక గీత మీద ఆపితే ఒక ఫ్రీక్వెన్సీ, ఎడమ నుంచి తెచ్చి అదే గీత మీద ఆపితే మరొకటి. పళ్ల మధ్య సందు వల్ల వచ్చే ఈ తేడాను బ్యాక్‌లాష్ అంటాం. ఇంకొంచెం బిగువుగా మరో గేరు కోయించాను. అది తిరగనే తిరగకుండా పట్టేసింది. బోర్డు వచ్చే రోజు దగ్గరపడుతోంది. నిజం చెప్పాలంటే భయమేసింది.

దిక్కుతోచక పాత బిళ్లల్ని కిరోసిన్‌లో కడిగాను. మడ్డి వదిలాక చూస్తే లోపలి ముఖాలు నున్నగా సానపట్టి ఉన్నాయి. విరిగిన లోహం అలా ఉండదు. రెండింటిలోనూ ఉన్న చిన్న కిటికీలు బరువు తగ్గించడానికనుకున్నాం; వాటి అంచున స్ప్రింగు తగిలించే రంధ్రాలు బయటపడ్డాయి. ఆ స్ప్రింగు రెండు బిళ్లలనూ చెరోవైపు లాగుతూ పళ్ల మధ్య సందు లేకుండా చేసేదన్నమాట. అది తుప్పుపట్టి ఎప్పుడో రాలిపోయింది.

ఈ మాట చెప్పగానే యాదగిరి నుదురు కొట్టుకున్నాడు. "అరె, ఎంత ఎడ్డి పని చేస్తిమి సారూ! గది ఇరగలే, పుట్టుడే రెండుగ పుట్టింది."

అతను రెండు పలుచని చక్రాలు కోశాడు. నేను సితార్ తీగ కొని, దబ్బనానికి చుట్టి స్ప్రింగు చేశాను.

బోర్డు అధికారి డయల్‌ను రెండువైపుల నుంచీ తిప్పి చూశారు. రీడింగు మారలేదు. ఎవరు చేశారని అడిగితే ఫోర్‌మన్ గర్వంగా నా పేరు చెప్పాడు. ఆయన రాసుకున్నారు. ఆ సాయంత్రం జిలేబీ పొట్లంతో ఇంటికి వెళ్లాను.

మరికొన్నాళ్లకు ఆర్డరు వచ్చింది. విభాగం మూయరు. అయితే నాగపూర్‌లో ఇలాంటి పెట్టెలు చాలా మూలపడి ఉన్నందున, ఆ గేరు చేసిన చార్జ్‌మన్‌ను వెంటనే అక్కడికి పంపాలి.

మేరీ ఆ కాగితం రెండుసార్లు చదివింది. తర్వాత, "జర ఖరాబుగ చేస్తే నీ సొమ్మేం బోతుండెనయ్యా?" అంది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

నాగపూర్‌లో చేరగానే పక్కనున్న మెకానిక్‌లను కూర్చోబెట్టి ఆ జంట గేరు చేయడం నేర్పాను. రిటైరయ్యేదాకా ఎక్కడ పనిచేసినా అదే పద్ధతి పాటించాను. ఒక పని ఒక్కడికే వస్తే పైవాళ్లు ఆ ఒక్కడినే పంపిస్తారు. నలుగురికి వస్తే, ఎవరిని పంపాలో తేల్చడానికైనా ఇంట్లో ఎవరెవరున్నారని అడుగుతారు.