రంగూన్ వెళ్ళని మా పెద్దమ్మ

మా పెద్దమ్మ ఇక లేదు. పోయిన వారం మొయినాబాదు బస్సు కండక్టరు మా హాస్టలు వాకిట్లోకి వచ్చి ఆ కబురు చెప్పాడు. "మీ పెద్దమ్మ పొద్దుగాల పోయిందమ్మా. జరం జర తగ్గిందన్నరు, గంతల్నే అయిపోయింది. నా బస్సులనే రా, పోదం" అన్నాడు. అతనూ చిన్నప్పుడు ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవాడే. దారి పొడుగునా కళ్ళు తుడుచుకుంటూనే టికెట్లు కొట్టాడు.

ఆమె మా అమ్మకు అక్క. మొయినాబాదులో చర్చి పక్కనున్న చిన్న బడిలో పంతులమ్మ. ఆలూరులో మా అమ్మ, బాపు ఒకే కలరా గత్తరలో పోయినప్పుడు నేనింకా సరిగా మాటలు రాని పిల్లను. పెద్దమ్మ బండి కట్టించుకుని వచ్చి, నన్ను ఒళ్ళో వేసుకుని తీసుకుపోయిందట. ఆమెకు పిల్లలు లేరు. ఆమె పెనిమిటి, మా పెద్దబాపు, రంగూన్‌లో ఒక దవాఖానలో కాంపౌండరు. కొన్నేళ్ళకొకసారి ఇంటికి వచ్చేవాడు.

ఆమె జొన్నరొట్టె కొడుతూ ఎక్కాలు చెప్పేది. నేను వెనక నుంచి అందుకోవాలి. "ఏడెనిమిదుల కాడ ఆగినవ్, గీడ నా రొట్టె మాడింది" అని నవ్వేది. బాధ కలిగితే మాత్రం ఏడ్చేది కాదు. ఏదో ఒక చిన్న విషయానికి ఎవరినో ఒకరిని కసురుకునేది. నాకు ఆ గుర్తు తెలుసు కాబట్టి, తిట్లు తింటూ ఆమె దగ్గరికే జరిగేదాన్ని.

యుద్ధం మా దిక్కు ఇంకా రాని రోజుల్లో పెద్దబాపు ఉత్తరం రాశాడు. ఇక అక్కడే స్థిరపడదాం, ఇద్దరూ వచ్చేయండి అని. అంతకుముందు రంగూన్ పోవాలంటే ఓడ టికెట్ ఉంటే చాలు. సరిగ్గా ఆ ఏడే కట్టడి మారింది. పాస్‌పోర్టు కావాలన్నారు, శాశ్వతంగా ఉండిపోవడానికి వేరే వీసా కావాలన్నారు. ఆ రెండింటికీ ముందు ఇంకెన్నో కాగితాలు.

పెద్దమ్మ పుట్టినదెప్పుడో ఊరి లెక్కలు రాసే పట్వారికి తెలియదు. "మూసీకి పెద్ద వరదొచ్చిన ఏడు" అన్నది ఆమె. "గది నాకెరికే గని, తెల్లదొరలకు ఎరికైతదా?" అన్నాడాయన. చివరికి చర్చి పుస్తకంలో ఉన్న బాప్తిస్మం తారీకు ఆదుకుంది. చేవెళ్ళ దవాఖానకు పోయి ఇద్దరం టీకాలు వేయించుకున్నాం. ఉర్దూలో ఉన్న కాగితాలను ఇంగ్లీషులోకి రాయించాం. సంతకం ఇంగ్లీషులో ఉంటే మంచిదని ఎవరో అంటే, బడి విడిచాక ఆమె పిల్లల పలక తీసుకుని తన పేరు తానే దిద్దుకునేది. అప్పుడు ఆమె ముఖం కొత్తగా బడిలో చేరిన పిల్ల ముఖంలా ఉండేది.

పట్నంలో సర్కారు కచేరి బయట అర్జీలు రాసే ముసలాయన ఉండేవాడు. మా కాగితాలన్నీ చూసి మెచ్చుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఈ పిల్ల మీ బిడ్డేనా అమ్మా?"

"మా చెల్లె బిడ్డ."

"గట్ల రాస్తే మీరే సాకుతున్నరని అదాలత్ కెళ్ళి కాగితం తేవాలె. శాన దినాలు పడ్తది. సొంత బిడ్డ అని రాస్తే ఇయ్యాల్నే అయిపోతది. ఎవరు సూడొచ్చిండ్రు?"

ఆయన కలం సిరాలో ముంచి, ఎదురుచూస్తూ కూచున్నాడు.

"నా చెల్లెకు ఈ లోకంల ఇల్లు మిగల్లే, పొలం మిగల్లే. ఈ పిల్లకు తల్లి అన్న పేరొక్కటే మిగిలింది. దాన్ని నా చేత్తోని కొట్టేయమంటరా?" అన్నది పెద్దమ్మ.

"మరి ఆలస్యమైతది."

"కానియ్యుండ్రి. ఇన్నేండ్లు ఆగిన. ఇంకొన్ని దినాలు ఆగలేనా."

తిరుగు బస్సులో, తలకు నూనె రాసుకోలేదని నన్ను కసురుకుంది.

అదాలత్ కాగితం జొన్నకోతల నాటికి వచ్చింది. పాస్‌పోర్టులు వచ్చాయి. పెట్టె సర్దుకున్నాం, ఇక వీసా ఒక్కటే తరువాయి. క్రిస్మస్ దగ్గరపడ్డప్పుడు, రంగూన్ మీద బాంబులు పడ్డాయని పాస్టరుగారు వచ్చి చెప్పారు. ఓడలు ఆగిపోయాయి. ఉత్తరాలూ ఆగిపోయాయి.

వానాకాలంలో ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. శ్రీకాకుళం వైపు మనిషి. చెంపలు లోపలికి పోయి, కాళ్ళు పుండ్లు పడి ఉన్నాయి. పెద్దబాపుతో కలిసి రంగూన్‌లో బయల్దేరి, కొండలెక్కి నడిచి వచ్చానన్నాడు. ఆయన ఒక్కడే రావడంలోనే పెద్దమ్మకు అర్థమైపోయింది.

"వదినగారూ..." అని మొదలుపెట్టాడు.

"ఆగు అన్నా. ముందుగాల తిను. తిన్నంక చెప్పు" అన్నది. పీట వేసింది. పప్పు వేడిచేసి, రొట్టె తుంచి కంచంలో వేసింది. ఆయన ఏడుస్తూనే తిన్నాడు. ఆమె పక్కనే కూచుని విసురుతూ ఉంది. చేయి కడుక్కున్నాక చెప్పాడు. దారిలో పెద్దబాపుకు జ్వరమొచ్చిందట. నేను వెనకొస్తాను, మీరు నడవండి అన్నాడట. మర్నాటి మజిలీలో ఎంత చూసినా రాలేదట.

చాలా రోజుల తర్వాత ధైర్యం చేసి అడిగాను. "నా కాగితం కోసం ఆగకపోతే, నువ్వు పెద్దబాపు దగ్గరుంటుంటివి గదా పెద్దమ్మా?"

"ఉంటుంటి" అన్నది. ఆమె అబద్ధం చెప్పదు. "ఆయన తల కింద చెయ్యి పెట్టెటోళ్ళు లేకపాయె గదా అని నాకూ అనిపిస్తది బిడ్డా. అయినా నిన్ను ఇడిసిపెట్టి పోవుడు, నీ తల్లిని కొట్టేసి పోవుడు, రెండూ నాతోని కాకపాయె." ఆ వెంటనే, గిన్నెలు సరిగ్గా తోమలేదని నన్ను తిట్టింది. నేను వెళ్ళి ఆమె భుజానికి ఆనుకుని కూచున్నాను.

తర్వాత ఆమె ఎక్కడికీ పోలేదు. బడి, చర్చి, ఇల్లు. నన్ను చదివించి, నేనూ పంతులమ్మను కావాలని పట్నంలో ట్రైనింగుకు పంపింది.

నిరుడు వానలకు గండిపేట చెరువు నిండిందని విని, చూద్దామని తనే అడిగింది. అప్పటికే దగ్గు ఆమెను పట్టుకుంది. మెల్లగా నడిపించుకుని తీసుకుపోయాను. చెప్పులు గట్టున విడిచి, చీర కొంగు నడుముకు దోపుకుని, చీలమండలు మునిగేదాకా నీళ్ళలోకి దిగింది.

"సముద్రం గిట్లనే ఉంటదా బిడ్డా?"

"నేనూ సూడలే పెద్దమ్మా."

సన్నటి తుంపర మొదలైంది. అవతలి గట్టు మెల్లగా మాసిపోయింది. చూస్తుండగానే నీళ్ళకు అంచు లేకుండా పోయింది. పోదాం రమ్మని పిలిచాను, వినలేదు. తడిసిన నెరిసిన జుట్టుతో, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, అటే చూస్తూ నిలబడింది.