నా గుండెకి నీరొస్తే వదిన ఇచ్చిన చేపనూనె

మధ్యాహ్నం భోజనం అయ్యాక పాపకి పాలిద్దామని ఒత్తిగిలి పడుకున్నాను. ఊపిరి అందలేదు. ముక్కు మీద తడిగుడ్డ వేసి నొక్కినట్టయింది. లేచి కూర్చుంటే కొంచెం తెరిపి. మళ్ళీ పడుకుంటే మళ్ళీ అదే. పాప ఏడుపు అందుకుంది. గోడకి జారబడి కూర్చునే పాలిచ్చాను. అప్పటికి పాపకి నెల దాటింది. సాయంత్రం పెరట్లోకి వెళ్దామంటే చెప్పుల్లో కాళ్ళు పట్టలేదు.

నా పేరు రత్నం. పుట్టిల్లు భావనపాడు, మా నాన్న వేటకెళ్ళేవాడు. అత్తవారిది పాతపట్నం. మా ఆయన అక్కడే ఎరువుల కొట్లో పనిచేస్తాడు. పెద్దపిల్ల పుట్టినప్పుడు పురిటికి అమ్మ దగ్గరికే వెళ్ళాను. ఈసారి అమ్మకి కంటి ఆపరేషన్ అవడంతో అత్తవారింట్లోనే ఉండిపోయాను. పెద్దపిల్లప్పుడు నీరసం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది అది కాదని నాకు లోపల తెలుస్తూనే ఉంది. ఎలా చెప్పాలో తెలియలేదు.

అత్తకి కాళ్ళు చూపించాను. "బాలింతవి, నీళ్ళు తెగ తాగేస్తన్నావు. అందుకే నీరు పట్టినాది," అని బాలింతలకి పెట్టే కాయం ముద్ద ఇంకొంచెం పెంచింది. వీధి చివర క్లినిక్‌లో గ్యాస్ మాత్రలు, దగ్గుకి సిరప్ ఇచ్చారు.

ఆ వారంలోనే వదిన వచ్చింది. మా ఆయన అక్క, పేరు కుమారి. పక్క వీధిలోనే కాపురం. ఒక కంపెనీ పొడులూ గుళికలూ ఇంటి దగ్గరే అమ్ముతుంది, విజయనగరంలో ఏదో హాల్లో వాళ్ళ మీటింగులకి వెళ్ళి వస్తుంటుంది. నా మంచం మీద కూర్చుని సంచిలోంచి సీసా తీసింది.

"పాలిచ్చినోళ్ళ ఒంట్లో ఉన్న ఒమేగా అంతా బిడ్డే లాగేసుకుంటాదే. నీ ఆయాసం, నీ నీరసం, అంతా దాని లోటే. మా మీటింగులో బొమ్మలేసి మరీ సెప్పినారు. ఇది గుండెకి మంచిది, నీ బుర్రకి మంచిది, పిల్ల బుర్రకి మంచిది."

బాలింత చేప తింటే బిడ్డకి పడదని ఇంట్లో చేప ముక్క వండనివ్వని మా అత్త, చేపనూనె గుళికలకి మాత్రం వెంటనే సరే అంది.

మూత తీయగానే వాసన కొట్టింది. ఎండకి కరిగి గుళికలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. నేను చేపల మధ్య పుట్టిన దాన్ని. పడవ దిగిన చేప వాసన నాకు తెలుసు, ఎండుచేప వాసన తెలుసు, రెండూ నాకు ఇష్టమే. ఇది మురిగిన నూనె కంపు. వద్దన్నాను. వదిన గోరుతో రెండు విడదీసి నా నోట్లో పెట్టి, నేను మింగేదాకా నా దవడ వైపు చూస్తూ కూర్చుంది.

అప్పటినుంచి ఏం తిన్నా, ఏం తాగినా ఆ త్రేన్పే. పాపని ముద్దు పెట్టుకుందామన్నా నా నోటి కంపు నాకే పడేది కాదు. అన్నం చూస్తే డోకు వచ్చేది. ఒకరోజు పసుపుపచ్చటి జిడ్డు వాంతి చేసుకుంటే వదిన గిన్నెలోకి తొంగి చూసి సంతోషపడింది.

"మంచిదే. ఒంట్లో విషాలు బయటికి పోతన్నాయి. డోసు పెంచుదాం."

నిజానికి బయటికి పోయిందేమీ లేదు. నీరంతా లోపలే చేరుతోంది. దగ్గు ఎక్కువైంది. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చేది. మా ఆయన రెండు మూడుసార్లు "శ్రీకాకుళం తీసికెళ్తాను" అన్నాడు. వదిన ప్రతిసారీ "కోర్సు మధ్యలో ఆపితే పనిచెయ్యదు రా" అని ఆపింది. అక్క మాట కాదనడం ఆయనకి అలవాటు లేదు.

అమ్మ కంటికి నల్లద్దాలతోనే మనవరాలిని చూడ్డానికి వచ్చింది. నేను రెండు దిండ్లు ఒళ్ళో పెట్టుకుని ముందుకి వంగి కునుకు తీస్తున్నాను. నా పాదం ఒళ్ళోకి తీసుకుని వేలితో నొక్కింది. గుంట పడి అలాగే ఉండిపోయింది.

"ఏటయినాదమ్మా నీకు? ఎన్నాళ్ళయినాది పడుకుని?"

నాకు ఏడుపొచ్చింది గాని ఏడవడానికి ఊపిరి చాల్లేదు. అమ్మ సీసా మూత తీసి వాసన చూసి మొహం తిప్పేసుకుంది. "దీన్ని పిల్లి కూడా ముట్టదు. బాలింత నోట్లో పోస్తన్నారా?" అని, అల్లుడి వైపు తిరిగి "నాయనా, బండి పిలుస్తావా, నన్ను పిలుచుకోమంటావా?" అంది. ఆయన పరుగున వెళ్ళి ఆటో తెచ్చాడు.

శ్రీకాకుళం ఆసుపత్రిలో డాక్టరమ్మ నా వీపు మీద స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నారు. "వెల్లకిలా పడుకోగలవా?" అని అడిగారు. లేదన్నాను. అన్నాళ్ళలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. ఎక్స్‌రే, ఈసీజీ, తర్వాత గుండెకి ఎకో స్కాన్. పూర్తిగా పడుకోలేక సగం కూర్చునే ఎకో తీయించుకున్నాను.

"గుండె సాగిపోయింది. పంపింగ్ బాగా పడిపోయింది. లంగ్స్‌లో నీరు చేరింది," అన్నారు డాక్టరమ్మ మా ఆయనతో. "పెరిపార్టమ్ కార్డియోమయోపతి అంటారు. కాన్పు చివర్లో గాని, కాన్పయ్యాక కొన్ని నెలల్లో గాని కొందరికి వస్తుంది. ఇంకా ఆలస్యం చేస్తే చేతికి దక్కేది కాదు."

ఐసీయూలో ఆక్సిజన్ పెట్టి లాసిక్స్ ఇంజెక్షన్లు ఇచ్చారు. సంచుల కొద్దీ నీరు మూత్రంగా పోయింది. పాలు ఆగిపోవడానికి బ్రోమోక్రిప్టిన్ మాత్ర ఇచ్చారు. పాలిచ్చే శ్రమ, వేసుకోవాల్సిన మందులు చూసుకుంటే నా విషయంలో ఆపడమే మంచిదన్నారు. రొమ్ములు రాళ్ళలా గడ్డకట్టి, పాలు కారి గౌను తడిసి పులిసిన వాసన వచ్చేది. పాప బయట అమ్మ చేతిలో డబ్బాపాలు తాగుతోంది. నా ఒళ్ళంటే నాకే ఏవగింపు కలిగిన రోజులవి.

గుళికల సంగతి మా ఆయన అడిగాడు. డాక్టరమ్మ కోప్పడలేదు. "ఒమేగా విషం కాదయ్యా. పాలిచ్చే తల్లికి చేప మంచిది. తిననివాళ్ళకి అవసరమైతే మేమూ రాస్తాం. కానీ అది హార్ట్ ఫెయిల్యూర్‌కి మందు కాదు. మురిగిపోయింది ఎవరికీ మందు కాదు."

ఇంటికొచ్చాక తేరుకున్నాననుకునేలోపు ఒక దెబ్బ తగిలింది. ఉప్పు తగ్గించమన్నారు. నోరు చచ్చిపోయి ఉంది, నాకు తోడుగా ఉండిపోయిన అమ్మ ఎండుచేపల పులుసు పెట్టింది, ఆశకొద్దీ తిన్నాను. ఎండుచేపంటే సగం ఉప్పే అన్న ఆలోచన అమ్మకీ నాకూ రాలేదు. మళ్ళీ కాళ్ళు పొంగాయి, మళ్ళీ ఆసుపత్రి. ఆ తర్వాత గట్టిగా పథ్యం ఉన్నాను. మాత్రలు మానలేదు. నెలలు గడిచే కొద్దీ ఎకోలో పంపింగ్ పెరుగుతూ వచ్చింది. పాప పాకడం మొదలెట్టేనాటికి మెట్లెక్కగలిగాను.

ఇంతలో నాకు తెలియని ఆడమనిషి ఒకామె ఎవరి దగ్గరో నా నంబరు తీసుకుని ఫోన్ చేసింది. "అక్కా, నేనూ బాలింతనే. పడుకుంటే ఆయాసం వస్తాది. నువ్వు వాడిన ఒమేగా రోజుకి ఎన్నేసుకున్నావు?"

నాకు అర్థం కాలేదు. ఆమె పంపిన ఫొటో చూశాక అర్థమైంది. పాప అన్నప్రాసన నాటి ఫొటో, ఒళ్ళో పాపతో నేను నవ్వుతున్నాను. వదిన దాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టి కింద రాసింది: మా మరదలికి గుండె జబ్బు, డాక్టర్లు ఆశ వదిలేశారు, మా ఒమేగాతో కోలుకుంది.

ఆ గుళికల కంపు కూడా నాకు అంత అసహ్యం అనిపించలేదు. ముందు ఆ అమ్మాయికి చెప్పాను: "తల్లీ, అది అబద్ధం. నేను ఐసీయూలో బతికాను. ఈ రోజే ఆసుపత్రికి పో, ఎకో తియ్యమను." తర్వాత నేరుగా వదిన ఇంటికి నడిచాను.

"తీసెయ్ వదినా."

"ఏటయినాదే ఇప్పుడు? బాగయినావు కదా, దేనివల్లయితే ఏటి? నలుగురికి మంచి జరుగుతాది." నిజంగానే నమ్మి అంటోంది. అదే నాకు మరీ రోత పుట్టించింది. నేను చచ్చిపోయి ఉంటే డోసు సరిపోలేదని ఇదే గొంతుతో చెప్పేది.

"నీ తమ్ముడు ఆటో తేబట్టి నేనున్నాను. నా పిల్ల ఫొటో పెట్టి ఇంకో బాలింతని సంపుతావేటి?" అన్నాను. మా ఆయన నా వెనకే వచ్చి నిలబడ్డాడు. అక్క ముందు మొదటిసారి నోరు విప్పి "తియ్యక్కా" అన్నాడు. తీసింది. కానీ ఆ ఫొటో ఎంతమంది ఫోన్లలోకి పోయిందో ఎవరికి తెలుసు.

ఆ అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. గుండె బాగానే ఉందట, రక్తం బాగా తక్కువని ఎక్కిస్తున్నారట.

ఇప్పుడు పాప నడుస్తోంది. నేను ఇంకా ఒక మాత్ర వేసుకుంటున్నాను, చెకప్‌కి వెళ్తున్నాను. మళ్ళీ కాన్పు వద్దన్నారు, ఆపరేషన్ నేను చేయించుకోకుండా మా ఆయన చేయించుకున్నాడు. తాజా చేప ఉప్పు తగ్గించి వండుకుని తింటున్నాను. వదిన ఎదురైతే మాట్లాడతాను. ఆమె చేత్తో ఇచ్చింది మాత్రం మంచినీళ్ళయినా నాకు గొంతు దిగదు.

మీ ఇంట్లో బాలింత ఉంటే, ఆమె దిండ్లకి ఆనుకుని కూర్చునే నిద్రపోతుంటే, కాళ్ళు ఉబ్బితే, దగ్గు తగ్గకపోతే, నీరసం అనుకుని ఏ సీసా మూతా తీయకండి. వెల్లకిలా పడుకోగలవా అని అడగండి. లేదంటే ఆ పూటే ఎకో తీసే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.