దీపం వెలిగించకముందే

పదవీ విరమణ ఇంకో రెండేళ్లుందనగా, ఒక ఫిబ్రవరిలో, మా కాలేజీలో జరిగే ప్రాంతీయ సదస్సుకు నన్ను ఆర్గనైజింగ్ సెక్రటరీగా వేశారు. దక్షిణ ఢిల్లీలోని ఆ కాలేజీలో నేను చరిత్ర చెప్పేదాన్ని. సినిమాలు, టీవీ సీరియళ్లు, ఫోన్లలో తిరిగే మీమ్‌లను పాఠంలోకి ఎలా తేవాలన్నది సదస్సు విషయం. మీరట్, రోహ్‌తక్, నోయిడా నుంచి హ్యుమానిటీస్ అధ్యాపకులు చాలామందే వచ్చారు. ఆర్గనైజింగ్ సెక్రటరీ అంటే పేరు గొప్పే గాని, వ్యాసాలను సెషన్లుగా విడగొట్టడం దగ్గర్నుంచి టీ ఫ్లాస్కులు వచ్చాయో లేదో చూడటం దాకా అన్నీ ఆ మనిషి నెత్తినే ఉంటాయి.

మొదటి వ్యాసం స్వరూపది. జగిత్యాల అమ్మాయి, మా శాఖలోనే అడ్‌హాక్ లెక్చరర్. అడ్‌హాక్ వాళ్లకు నాలుగేసి నెలలకు ఆర్డరు ఇస్తారు. అది అయిపోగానే మళ్లీ ప్రిన్సిపాల్ సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఉద్యోగం లేదు. ఆమెకు ఆ వారంలోనే హైదరాబాద్‌లో పర్మినెంట్ పోస్టుకు ఇంటర్వ్యూ ఉంది. సదస్సులో వ్యాసం చదివితే అక్కడ కొన్ని మార్కులు కలుస్తాయి. మధ్యాహ్నం రైలు కాబట్టి ఆమెను ముందు పెట్టాను.

ఉదయం అందరూ హాల్లో కూర్చున్నారు, ముఖ్య అతిథి మాత్రం రాలేదు. విశ్వవిద్యాలయంలో పెద్ద అధికారి ఆయన. ధౌలా కువాన్ దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నామని ఆయన సహాయకుడు ఫోనులో చెప్పాడు. "బస్, పాంచ్ మినట్ మేడమ్." మళ్లీ ఫోను చేసినా అదే ఐదు నిమిషాల మాట. ముఖ్య అతిథి రానిదే దీపం వెలిగించరు, దీపం వెలగనిదే ప్రారంభోత్సవం కాదు, ప్రారంభోత్సవం కానిదే వ్యాసాలు మొదలుపెట్టరు. ఏ రూల్ పుస్తకంలోనూ లేదు గాని, దీన్ని తప్పిన సభను నేను చూడలేదు.

కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరుగుతున్నాను. హాల్లో కొందరు ఆవలిస్తున్నారు, కొందరు ఫోన్లు చూసుకుంటున్నారు. ప్రిన్సిపాల్ పూలగుచ్ఛంతో గేటు దగ్గర నిలబడ్డారు. స్వరూప సంగతి చెబితే ఆయన విసుక్కున్నారు. "చదవడం అంత అవసరమా? సర్టిఫికెట్ దే దీజియే, ఇచ్చి పంపేయండి. అందరూ చేసేదే కదా" అన్నారు. నిజమే, అందరూ చేసేదే. ఆ మాట వచ్చి స్వరూపకు చెప్పాను.

"చదవకుండ కాగితం తీస్కొని ఏం జేస్త మేడమ్? రేపు ఇంటర్వ్యూల ఎవలన్న అడిగితే ఏమని చెప్పాలె?" అంది.

నాకూ ఒళ్లు మండిపోయింది. అంతమంది అధ్యాపకుల పొద్దంతా ఒక మనిషి కారుతో పాటు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోవడమేమిటి? అయినా ముందే చెప్పాను. "దీపం లేకుండా మొదలుపెడితే ప్రిన్సిపాల్‌కు కోపమొస్తుంది. నీ ఆర్డరు ఆయన చేతిలో ఉంది, ఆలోచించుకో అమ్మా."

"అయితే అయితది మేడమ్. స్టేజి ఎక్కమంటరా?"

ఎక్కమన్నాను. మైకు ముందుకు వెళ్లి సెషన్ మొదలైందని ప్రకటించాను. సమయం అయిపోయిందని చెప్పే గంట నా ముందు పెట్టుకున్నాను.

ఆమె వ్యాసం సినిమా హాలు బయట హీరో కోసం ఎదురుచూసే జనం గురించి. స్వయంగా వాళ్ల మధ్య నిలబడి రాసింది. హీరో ఎంత ఆలస్యమైతే అంత పెద్దవాడైపోతాడని, ఎదురుచూపే అతన్ని పెంచుతుందని చెబుతోంది. ఆవలింతలు ఆగిపోయాయి. వెనక వరసలో వాళ్లు ముందుకు జరిగారు.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని ముఖ్య అతిథి లోపలికొచ్చారు. సగం హాలు లేచి నిలబడింది. ఫోన్లు పైకి లేచాయి. డాక్టరేట్లున్న పెద్దమనుషులు ఆయన పక్కన ఫొటో కోసం కుర్చీలు తోసుకుంటూ వెళ్లారు. ఆయన వెనకే వచ్చిన ప్రిన్సిపాల్ నా వైపు చూసి, ఆపించమని చెయ్యి ఊపారు.

నేను గంట ముట్టుకోలేదు. స్వరూప కాగితాల మీంచి తలెత్తి, ఇంగ్లీషులో మెల్లగా అంది: "నా వ్యాసంలో రెండో భాగం ఇప్పుడు మీ కళ్లముందే జరుగుతోంది."

హాలంతా నవ్వింది. ముఖ్య అతిథి కూడా నవ్వి ముందు వరసలో కూర్చున్నారు. ప్రిన్సిపాల్ మాత్రం నవ్వలేదు. ఆమె ముగింపు చదివి దిగాక దీపం, శాలువా, జ్ఞాపిక అన్నీ యథావిధిగా జరిగాయి. సర్టిఫికెట్ మీద నేను సంతకం పెట్టాను, ఆమె రైలు అందుకుంది.

హైదరాబాద్ పోస్టు ఇంకొకరికి వచ్చింది. ఆర్డరు గడువు అయిపోయాక మా కాలేజీలో ఆమెకు పొడిగింపు రాలేదు. శాఖలో పని తగ్గిందన్నారు. పని తగ్గలేదు. ఆమె క్లాసులు మేమే పంచుకున్నాం. ప్రిన్సిపాల్ గదికి వెళ్లి నేను కేకలు వేస్తే ఆయన మంచినీళ్లు తెప్పించారు. నన్ను సదస్సుల కమిటీలోంచి తీసేశారు, అంతే. నా జీతం ఎప్పటిలాగే ఒకటో తారీఖున పడింది. స్వరూప ఇప్పుడు సివిల్స్ పిల్లలకు ఒక కోచింగ్ సెంటర్లో చరిత్ర చెబుతోంది. ఆ రోజు ఆపి ఉంటేనే బాధపడేదాన్నని అంటుంది. ఆ మాట ఆమె అనవచ్చు, నేను అనకూడదు.

సదస్సు పెట్టుకునే వాళ్లు ఇప్పటికీ సలహాకు ఫోను చేస్తుంటారు. అతిథి ఆలస్యమైతే ఆగకండి, మొదలుపెట్టండి అంటాను. కానీ మొదటి వ్యాసం పర్మినెంట్ ఉద్యోగి చేతే చదివించమని చెబుతాను. పెద్దల కోపం ఎలాగూ మొదట మాట్లాడిన వాళ్ల మీదే పడుతుంది. అది ఉద్యోగం ఊడని వాళ్ల మీద పడాలి.