పెద్దల శనివారం పుచ్చుకున్న కుక్క

సాఫ్తాకి కుక్కలంటే ప్రాణమని ఊళ్లో ఎవరైనా అంటే ఆవిడ కొట్టినంత పని చేస్తుంది. "కుక్కా వద్దు, పిల్లీ వద్దు, నన్ను నేను మోసుకోవడమే ఎక్కువైంది" అంటుంది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. చక్కెర ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్లు బీట్‌దుంపల లారీలు తూచే కాటా దగ్గర పనిచేసింది. ఆవిడ నోటికి జడిసి దుంపల కింద మట్టి కలపడానికి ఏ లారీవాడికీ ధైర్యం చాలేది కాదు. ఇప్పుడు ఫ్యాక్టరీ లేదు, కాటా లేదు, మొగుడు గావ్రిల లేడు. పిల్లలు పుట్టనే లేదు. డాన్యూబ్ నది ఒడ్డున ఆ చిన్న ఊళ్లో, లిఫ్టు లేని మేడలో, మూడో అంతస్తున రెండు గదులు మిగిలాయి. పొద్దున్నే రేడియో పెట్టుకుని, అది చెప్పే ప్రతి మాటకీ ఎదురు చెబుతూ కూర్చుంటుంది. పోట్లాడటానికి కూడా మనిషి దొరకనప్పుడు మరేం చేస్తుంది, పాపం!

అలాంటి మనిషి ఊరి చివర కుక్కల ఆశ్రమానికి వారానికి రెండుసార్లు బస్సెక్కి ఎందుకు వెళ్తోందంటే, తప్పంతా దుప్పట్లది. గావ్రిల కప్పుకున్న దుప్పట్లు మూడూ, ఉన్ని స్వెట్టర్లు నాలుగూ ఆరేళ్లు అటక మీద దాచింది. రోగిష్టి మనిషి వాడినవని, ఊరికే ఇస్తానన్నా ఎవరూ పుచ్చుకోలేదు. కుక్కల కింద పరవడానికి పనికొస్తాయని ఎవరో చెబితే ఏప్రిల్లో మూట కట్టుకుని వెళ్లింది. ఆశ్రమం చూసుకునే ఒఫేలియా మూట విప్పుతుండగా వెనక గూట్లోంచి దగ్గు వినిపించింది. పొడి దగ్గు. ఆగి ఆగి వచ్చి, చివర్లో గొంతుకేదో అడ్డం పడ్డట్టు ఒక కక్కు. గావ్రిల నాలుగేళ్లు అచ్చం అలాగే దగ్గాడు.

"ఎవరే అది?"

"బ్రూమా, పిన్నీ. గుండెజబ్బు. జాలర్ల గుడిసె దగ్గర తాడుతో కట్టేసి వదిలేసిపోయారెవరో. బంగారం లాంటి కుక్క, కరవదు, మొరగదు. దగ్గుతుంది, అంతే."

బూడిదరంగు వెంట్రుకల మీద తెల్లగా నెరసిన ముసలి ఆడకుక్క, ఎండుకట్టె లాంటి కాళ్లతో లేచి వచ్చి ఇనుప వల దగ్గర నిలబడింది. తోక ఊపలేదు. సాఫ్తా ముఖంలోకి కాసేపు చూసి, మళ్లీ వెళ్లి పడుకుంది. "చూడు దాని పొగరు!" అంది సాఫ్తా. గురువారం నాటికి మళ్లీ అక్కడే ఉంది, డబ్బాలో మొక్కజొన్న సంకటీ, ఉడికించిన కోడిమెడా పెట్టుకుని.

మే నెల చివర్లో ఒఫేలియా ఇక నాన్చలేదు. ఆవిడకి నలభై ఏళ్లుంటాయి, నలభై కుక్కలకు తనొక్కతే.

"పిన్నీ, దీన్ని నువ్వు తీసుకుపో. మాత్రలు పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి టైముకి పడాలి. నేను నాలుగింటికి వెళ్లిపోతాను, సాయంత్రం మాత్ర వేసే దిక్కు లేదిక్కడ. ఇంట్లో ఉంటే ఏడాది, ఏడాదిన్నర బతుకుతుందన్నాడు డాక్టరు. ఈ సిమెంటు మీదే ఉంటే ద్రాక్షకోతలు కూడా చూడదట."

"ఏడాదిన్నర! ఏడాదిన్నరకి మళ్లీ గొయ్యి తవ్వుకోమంటావా?"

"మంచి వయసు కుక్కనిస్తే నీ తర్వాత దాని గతేంటి పిన్నీ?"

"ఓసి నీ నోరు పడ! ముసలిదానికి ముసలిది, రోగానికి రోగం, జోడీ బాగా కుదిర్చావే!"

తిడుతూనే ఉంది గానీ వద్దని మాత్రం అనలేదు. పెంతెకొస్తు పండగ లోపల చెబుతానని బస్సెక్కింది.

ఆదివారం ఆడబిడ్డ తుదోరా కాఫీకి వచ్చింది. ఈవిడ నెలకోసారి వస్తుంది, వచ్చినప్పుడల్లా ఒక సలహా పారేసి వెళ్తుంది. విషయం చెవిన పడగానే కప్పు కింద పెట్టేసింది.

"నీకు మతి పోయిందా వదినా? కుక్క ఇంటికి కాపలా కాస్తుందంటారు, నువ్వు కుక్కకి కాపలా కాస్తావా? ఒంట్లో నీరు తీసే మాత్ర వేస్తే ఒంటికి పోయించడానికి రోజుకి ఆరుసార్లు కిందికి దింపాలి. నీ మోకాళ్లకి మూడంతస్తులు! మా అన్నయ్యకి నాలుగేళ్లు చేసింది చాల్లేదా? కొరివితో తల గోక్కోవడమంటే ఇదే."

"నేనేం తెస్తానన్నానా?"

"అనలేదు. నీ మొహం చెబుతోంది. మా అన్నయ్యని మహారాజులా చూసుకున్నావు, ఊరంతా ఆ మాటే అంటుంది. ఇక నీ బతుకు నువ్వు చూసుకో."

ఆ మాటకి సాఫ్తా లేచి వంటింట్లోకి వెళ్లి, అవసరం లేని గిన్నె ఒకటి కడిగింది. ఊరంతా అనే ఆ మాటే ఆవిడకి పడదు. ఎందుకు పడదో ఎవరికీ తెలియదు.

ఆరేళ్ల కిందట జూన్‌లో ఒక మధ్యాహ్నం గావ్రిల అదే పనిగా దగ్గుతున్నాడు. మంచినీళ్లిచ్చింది, దిండు ఎత్తు పెట్టింది, వీపు రాసింది. నాలుగేళ్లుగా చేస్తున్నదే. ఇక వినలేక పచ్చి బఠానీల బుట్ట పట్టుకుని బాల్కనీలోకి వెళ్లి తలుపు లాగేసుకుంది. తలుపు వేసినా దగ్గు వినబడుతూనే ఉంది. కాసేపటికి ఆగింది. హమ్మయ్య, నిద్రపట్టింది మహానుభావుడికి అనుకుంది. ఒక గంట సేపు, ఏళ్ల తర్వాత దొరికిన ఆ గంట నిశ్శబ్దంలో, హాయిగా బఠానీలు ఒలుచుకుంది. కూనిరాగం కూడా తీసింది. లోపలికి వచ్చేసరికి గావ్రిల చల్లబడిపోయి ఉన్నాడు. లేచి వెళ్లి ఉంటే బతికేవాడా? డాక్టరు బతకడన్నాడు. కానీ ఒంటరిగా పోయేవాడు కాదు కదా! ఈ మాట సాఫ్తా ఫాదిరీకి చెప్పలేదు, తుదోరాకి చెప్పలేదు, సమాధి ముందు నిలబడి కూడా చెప్పలేదు. అలాంటి మనిషిని మళ్లీ ఆ దగ్గు పక్కన కూర్చోమంటే ఎలా? ఇంకోసారి విసుగొస్తే? ఇంకోసారి తలుపు వేసుకుంటే? ఆవిడ భయమంతా అదీ. మోకాళ్లు ఉత్త సాకు.

పెంతెకొస్తు ముందురోజు పెద్దల శనివారం. పోయినవాళ్ల పేరు చెప్పి కొత్త పింగాణీ కప్పుల్లో వైను పోసి, పిడికి చెర్రీపళ్ల గుత్తి కట్టి, రొట్టె, కొవ్వొత్తి పెట్టి పంచుతారు. "ఫలానావారి ఆత్మకి" అని ఇచ్చేవాళ్లంటారు. "బొగ్దాప్రోస్తె", అంటే దేవుడు మీవాళ్లని మన్నించాలని, పుచ్చుకునేవాళ్లంటారు. వద్దనకూడదు. ఆ మాట అన్నాక తిరిగి ఇవ్వకూడదు. గుళ్లో ఫాదిరీ మంత్రించిన కప్పు మళ్లీ ఇంటి గడప లోపలికి రాకూడదు. అది పోయినవాళ్ల సొత్తు.

సాఫ్తా ఏటా తొమ్మిది కప్పులు పంచుతుంది. ఈసారీ అలవాటు కొద్దీ తొమ్మిదీ మంత్రింపజేసుకుని బుట్టలో సర్దుకుంది. మేడలో సగం తలుపులకి తాళాలు. ఇటలీకో స్పెయిన్‌కో ఎవరి పనులకి వాళ్లు పోయారు. కింది అంతస్తులో ముసలి పరస్కీవా తలుపు తట్టడానికి చెయ్యెత్తాక గుర్తొచ్చింది, ఆవిడ చలికాలంలోనే పోయింది. ఎత్తిన చెయ్యి దించుకుంది. రొట్టెల కొట్టు, మందుల కొట్టు, పోస్టాఫీసు అన్నీ తిరిగితే ఎనిమిది చెల్లాయి. తొమ్మిదో కప్పుకి చెయ్యి చాపేవాళ్లు లేరు. ఇంత ఊళ్లో తొమ్మిదిమంది కరువయ్యారే అని ఎండలో నిలబడి కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత ముక్కు చీదుకుని ఆశ్రమం బస్సెక్కింది.

"గావ్రిల ఆత్మకి" అని కప్పు చేతిలో పెట్టగానే ఒఫేలియా కళ్లు చెమర్చాయి.

"బొగ్దాప్రోస్తె, పిన్నీ. మా అమ్మ పోయాక ఇదే మొదటి పెద్దల శనివారం. ఈ పనికి సెలవెక్కడిది? ఒక్క కప్పు కూడా పంచలేకపోయాను. ఆవిడేమో అక్కడ ఖాళీ చేతులతో కూర్చుని ఉంటుంది."

"ఏదో ఒకటి ఇవ్వవే ఎవరికైనా. గుక్కెడు నీళ్లయినా చాలు."

ఒఫేలియా రెండు క్షణాలు ఆలోచించి గూళ్ల వైపు వెళ్లింది. తిరిగి వచ్చి సాఫ్తా చేతిలో ఒక కొస పెట్టి, "మా అమ్మ ఆత్మకి" అంది.

"బొగ్దాప్రోస్తె" అంది సాఫ్తా. అరవై ఏళ్ల అలవాటు. చేతిలో ఏదైనా పడి, ఆ మాట చెవిన పడితే జవాబు దానంతటదే వచ్చేస్తుంది. అనేశాక కిందికి చూసుకుంది. చేతిలో ఉన్నది తోలుపట్టీ. రెండో కొసన బ్రూమా నిలబడి ఉంది.

"ఓసి దొంగదానా! చచ్చిన తల్లిని అడ్డం పెట్టుకుని మోసమా? నీకు కళ్లు పోతాయే!"

సాఫ్తా అరిచిన అరుపులకి నలభై కుక్కలూ అందుకున్నాయి. ఒఫేలియా ముఖం చిన్నబోయింది.

"తప్పే పిన్నీ. దీన్నలా చూడలేక చేశాను. నువ్వు కాదన్నా దేవుడేమీ అనుకోడు. పట్టీ ఇటిచ్చెయ్యి." చెయ్యి చాచింది.

కుక్క దగ్గింది. ఒఫేలియా చాచిన చెయ్యి అలాగే ఉంది. ఇచ్చేస్తే అయిపోతుంది, ఎవరూ మాట అనరు, బస్సు ఇంకో పావుగంటలో ఉంది. సాఫ్తా పట్టీని చేతికి రెండు చుట్లు చుట్టి గుప్పిట బిగించింది.

"ఇచ్చింది వెనక్కి తీసుకుంటావా? మీ అమ్మ ఉసురు తగులుతుంది నీకు" అంది. "నిలబడి చూస్తావేం? మాత్రలు తే. ఎప్పుడెప్పుడో కాగితం మీద రాసి ఇవ్వు, పెద్ద అక్షరాలతో."

ఒఫేలియా తన డొక్కు కారులో దింపింది. మూడంతస్తులూ సాఫ్తా కుక్కని చంకలో పెట్టుకుని, మెట్టు మెట్టుకీ ఒఫేలియానీ ఆవిడ వంశాన్నీ తిట్టుకుంటూ ఎక్కింది. ఆరింటికి జున్నుముక్కలో మాత్ర పెట్టి ఇచ్చింది. కుక్క జున్ను తిని మాత్ర ఉమ్మేసింది. "నువ్వూ మా గావ్రిల బాపతే" అని దవడ తెరిచి లోపలికి తోసింది.

మర్నాడు పండగ మధ్యాహ్నం. సాఫ్తా వంటింట్లో పులుసు కలుపుతోంది, కుక్క గదిలో దగ్గుతోంది. ఒకటి, రెండు, మూడు. విసుగు రానే వచ్చింది. ఎంత అదుముకున్నా వచ్చింది. "అబ్బబ్బ, ఆపవే!" అని పైకే అనేసింది. దగ్గు ఆగింది.

గరిటె పట్టుకున్న చెయ్యి కదల్లేదు. పొయ్యి మీద పులుసు ఉడుకుతున్న చప్పుడు తప్ప ఇంట్లో ఏ అలికిడీ లేదు. నిద్రపట్టి ఉంటుందిలే అని మనసు చెప్పబోయింది. సాఫ్తా ఆ మాటని సాంతం చెప్పనివ్వలేదు. పొయ్యి ఆర్పి, గోడ పట్టుకుని గదిలోకి నడిచింది.

బ్రూమా మంచం పక్కన పడుకుని ఉంది. డొక్క ఎగిరెగిరి పడుతోంది. అడుగుల చప్పుడుకి కళ్లు తెరిచి సాఫ్తాని చూసింది.

సాఫ్తా మోకాళ్లు పట్టుకుని నేల మీద కూలబడింది. కుక్క డొక్క మీద అరచెయ్యి ఆనించి, కింద ఆ గుండె తడబడుతూ కొట్టుకోవడం చూసింది. ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"నేను రాలేదు" అంది. "ఆ రోజు వినబడుతూనే ఉంది, నేనే లేచి రాలేదు."

ఆరేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. వినడానికి ఇంట్లో ఒక ప్రాణి ఉంది.