జరీ పోగులా జారిన తీగ

పెళ్లయిన కొత్తలో, సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, విజయవాడ ఆటోనగర్‌లో మావారికి బస్సు బాడీలు కట్టే షెడ్డు ఉండేది. నేను ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేశాను. మిగ్ వెల్డింగ్ మెషిన్‌లో కరిగి ఇనుమును అతికే తీగ ఆగి ఆగి వస్తోందంటే, దాన్ని తోసే మోటారుకు నేనే కొత్త సర్క్యూట్ కట్టాను.

ఆ మధ్యాహ్నం తీగ బయటికొచ్చే గన్ మీట నొక్కగానే రాగిపూత తీగ ఎండలో మెరుస్తూ, నీళ్లు జారినంత మెత్తగా వచ్చింది. మైమరచి చూశాను. మీట వదిలాను. తీగ ఆగలేదు.

పెడనలో ఏళ్లతరబడి మగ్గం నేసిన మామగారు పక్కనే కూర్చున్నారు. జారే పోగును నేల తాకనివ్వకపోవడం ఆయన చేతుల అలవాటు. లేచి, కలలో ఉన్నట్టు తీగను వేళ్లకు చుట్టుకోసాగారు. అందులో ఇంకా కరెంటు ఉంది, పట్టుకుంటే షాక్ కొట్టనంత తక్కువ వోల్టేజీది. చుట్టలోంచి జారిన కొస మెషిన్ ఎర్త్ వైరు తగిలించి ఉన్న పక్క బస్సు ఇనుముకేసి పాకుతోంది. తాకితే ఆయన చేతిలోనే నిప్పులు రేగుతాయి.

"వదిలేయండి మామయ్యగారూ" అని చెప్పే వ్యవధి లేదు. పరుగెత్తి మెయిన్ స్విచ్ ఆపేశాను. ఇనుముకు జానెడు దూరంలో కొస ఆగింది.

"పోగు తెగలేదుగా అమ్మాయ్, ఎందుకు ఆపావు?" అన్నారాయన నింపాదిగా.

మీట వదలగానే మోటారు ఆగేలా మర్నాడే సరిచేశాను. ఇప్పటికీ ఆ తీగ ఆయన వేళ్ల మీద మెరుస్తూ కలలోకి వస్తుంది. ఎంత పరుగెత్తినా, కలలో ఆ స్విచ్ అందదు.