పదకొండు గంటలకు టైం సరిగ్గానే ఉంది

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల్లోనూ వేలిముద్ర హాజరు మిషన్లు బాగుచేయడమే నా ఉద్యోగం. మిషన్ అబద్ధం చెప్పదని ఎంతమంది ముందు కోతలు కోశానో! ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఇటిక్యాల అవతల ఒక చిన్న దవాఖానలో ఊడ్చే పని చేసే మనిషి ఒకామె ఉండేది. రోగులు వచ్చేలోపు తుడిచిన నేల ఆరాలని తెల్లారేసరికే వచ్చేది. అలాంటి మనిషి ఆ నెలలో చాలా రోజులు రాలేదని మిషన్ చెప్పింది. పని తీసేస్తామన్నారు. ఒక్క రోజు కూడా తప్పలేదని ఆమె మొత్తుకుంటే, మిషన్ చూడమని నాకు కబురు పెట్టారు.

పెద్దమందడిలో పని ముగించుకుని నేను వెళ్లేసరికి పదకొండు. మిషన్‌లో టైం నా ఫోన్‌తో సరిగ్గా కలిసింది. నా వేలు పెట్టాను, పట్టింది. ఆమె చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"రాత్రిపూట కరెంటు పోతుంటది సారూ. గా సంగతి గూడ జర చూడుండ్రి."

విన్నాను. విని కూడా, మిషన్ బాగానే ఉందని కాగితం మీద రాసి సంతకం గీకాను. ఆ కాగితాన్నే చూపించి ఆమెను తీసేశారు.

నిజానికి కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడపడానికి ఆ మిషన్లలో రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉండాలి. టైం ఎలాగూ నెట్‌లోంచి వస్తుంది, అదొక దండగ అని మా కంపెనీ వాళ్లు పెట్టడమే మానేశారు. ఆ ఖాళీ గూడు ఎన్ని మిషన్లలో చూశానో. నాకెందుకులే అని మూత బిగించేవాణ్ని.

రెండు నెలల తర్వాత రాజోలిలో ఒక ఆఫీసుకు తొందరగా వెళ్లాను. అప్పటికి గుమాస్తా ఇంకా రాలేదు, నెట్ పెట్టలేదు. రాత్రంతా లేని కరెంటు తెల్లారాకే వచ్చిందట. మిషన్ ఆగిన చోటినుంచే లెక్క మొదలుపెట్టి, ఇంకా నిన్నటి తారీఖే చూపిస్తోంది. దవాఖానలో ఆమె చెప్పిన కరెంటు మాట గుర్తొచ్చింది. కంపెనీ కంప్యూటర్‌లో ఆ దవాఖాన రికార్డు తీసి చూస్తే ఆమె వేలిముద్రలన్నీ అక్కడే ఉన్నాయి, ముందురోజు రాత్రి పేరుతో. అక్కడా పొద్దెక్కి ఎవరో నెట్ పెట్టాక టైం సరైపోయేది; పదింటికి ఆవులిస్తూ వచ్చిన వాళ్లందరికీ హాజరు, అందరికన్నా ముందొచ్చిన మనిషికి గైర్హాజరు. థూ, ఇదీ మేం తయారుచేసిన న్యాయం.

రికార్డు పట్టుకుని దవాఖానకు పోతే, ఇంకొకరిని పెట్టుకున్నాం, ఇప్పుడవన్నీ ఎందుకన్నారు. ఆమె విత్తనాల కోసం వేసిన సీడు పత్తి చేనులో, పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ పని చేస్తూ కనిపించింది. జరిగిందంతా చెప్పి, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆమె పువ్వు మీదనుంచి చెయ్యి తీయకుండానే విన్నది.

"నేనొచ్చే యాళ్లకు ఒక్కనాడన్న వచ్చి చూడకపోతివి సారూ. నువ్వు పదకొండింటికి వస్తివి."

ఆ మాట అనేసి పక్క సాలులోకి వెళ్లిపోయింది.